నోరు తెరిచిన ఆల్చిప్పలు

ఊళ్లో ఆవిడను ఆల్చిప్పల డాక్టరమ్మ అనేవారు. ఆవిడ జన్మలో ఎవరికీ సూది వేసింది లేదు, మాత్ర ఇచ్చింది లేదు. ఆల్చిప్పల ఒంట్లో కండరం ఎలా పనిచేస్తుందో చదివి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ఆ సంగతి తెలియని కొత్తవాళ్లెవరైనా మోకాలి నొప్పి అంటూ ఇంటికి వస్తే, భర్త గుమ్మంలోనే ఎదురెళ్లి, "రండి రండి, మోకాలి చిప్ప కూడా చిప్పేగా, చూస్తుందిలెండి" అని ఆటపట్టించేవాడు. ఆయన కట్టుడు పళ్లు తయారుచేసేవాడు. ఊళ్లో సగంమంది ముసలివాళ్లు ఆయన చేసిన పళ్లతోనే నవ్వేవారు. అందుకని ఆయనకు పళ్లాయన అని పేరు. చిప్పలావిడ, పళ్లాయన అని జంటగా పిలిచి జనం నవ్వుకున్నా ఇద్దరూ పట్టించుకునేవారు కాదు.

చదువుకునే రోజుల్లో తోటివాళ్లు పులుల వెంటా ఏనుగుల వెంటా పడుతుంటే, ఈవిడ బురదలో కూరుకుపోయి కూర్చునే ఆల్చిప్పను ఎంచుకుంది. మేనత్త ముక్కున వేలేసుకుంది.

"కదలదు, మెదలదు. దాన్ని చూసి ఏం తెలుసుకుంటావే?"

"ఊరికే కూర్చోలేదత్తా అది. గట్టిగా పట్టుకుని కూర్చుంది."

అది వేళాకోళానికి అన్న మాట కాదు. ఆల్చిప్ప తెరుచుకోవడానికి ఏ శ్రమా పడనక్కర్లేదు. రెండు చిప్పలూ కలిసే చోట, వెనకవైపున, రబ్బరులాంటి పట్టీ ఒకటి ఉంటుంది. అది చిప్పల్ని ఎప్పుడూ విడదీస్తూనే ఉంటుంది. మూసుకోవడానికే లోపలి కండరం బిగుసుకోవాలి. అంటే శత్రువు వచ్చినా, నీళ్లు చెడినా, ఆ ప్రాణి చేయగలిగింది ఒక్కటే. బిగబట్టుకోవడం. ఆ బిగింపు మీదే ఆవిడ ఉద్యోగం, పేరు, ఆఖరికి ఊరి దాహం కూడా ఆధారపడ్డాయి.

ఏటి నీళ్లు ఊరికి పంపే వాటర్‌వర్క్స్ వాళ్లు ఆవిడను పిలిపించుకున్నది అందుకే. నీళ్లు లోపలికి వచ్చే చోట ఓ గాజు తొట్టి కట్టించి, అందులో ఎనిమిది ఆల్చిప్పల్ని వరసగా కూర్చోబెట్టింది. ఒక్కోదాని ఒక చిప్పకు చిన్న అయస్కాంతం, రెండో చిప్పకు తీగ అంటించింది. చిప్ప ఎంత తెరుచుకుందో ఎంత మూసుకుందో పక్కన తెర మీద గీతగా పడుతుంది. ఏటి నీళ్లు ముందు వాటి మీదుగా పారి, తరవాతే ఊళ్లోకి వెళ్లాలి. ఎనిమిదింట్లో అయిదు ఒక్కసారి నోరు మూసుకున్నాయా, గేటు దానంతటది పడిపోతుంది, సైరన్ మోగుతుంది. అలా నిజమైన ప్రమాదానికి రెండుసార్లు మోగింది కూడా. ఒకసారి రంగుల కార్ఖానా మురుగు వదిలినప్పుడు, ఇంకోసారి పురుగుమందు లారీ వంతెన మీంచి పడినప్పుడు. ఆ రెండోసారి ఊరు ఊరంతా బతికిపోయింది. అప్పటినుంచీ జనానికి ఆల్చిప్పల మీద దేవుడి మీద లేనంత నమ్మకం.

మొదట్లో ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి సన్నటి కుంచెతో ఒక్కోదాన్నీ తాకి చూసేది. తాకగానే టక్కున మూసుకుంటే, ప్రాణంతో ఉన్నట్టు. అయితే ఒకటి ఉలిక్కిపడితే పక్కనున్నవీ ఉలిక్కిపడేవి. అయిదు పడితే గేటు పడేది. అప్పటికి ఊళ్లో పెద్ద ట్యాంకు కట్టలేదు గనక నీళ్లు ఆగిపోయి, సబ్బు కళ్లతో స్నానాల గదుల్లో నిలబడిపోయిన జనం వాటర్‌వర్క్స్‌కి ఫోన్లు చేసి తిట్టిపోసేవారు. ఇంజనీరుకు తల ప్రాణం తోకకు వచ్చేది. పైగా ఆ తాకిడి గీతల్లో కనబడి లెక్కలన్నీ పాడయ్యేవి. గీత చెడితే ఆవిడకు ఒళ్లు మండేది. ఆఖరికి తనే ఓ అట్ట మీద పెద్ద అక్షరాలతో "ముట్టుకోరాదు" అని రాసి తొట్టి మీద వేలాడదీసింది. కొంతకాలానికి తనూ ముట్టుకోవడం మానేసింది. నీళ్లు పంపు తోస్తుంది, మేత గొట్టం వేస్తుంది, గీతలు యంత్రం గీస్తుంది. ఇక చేతితో పనేముంది?

ఇప్పుడు రిటైరవుతున్నారని ఆవిడకు సన్మానం చేయబోతున్నారు. సభలో చూపించడానికి ఈ మధ్య గీతల్ని ఏరి పెట్టుకుంది. అంత చక్కటి గీతలు ఆవిడ సర్వీసులో ఎన్నడూ పడలేదు. ఆల్చిప్పలు ఊరికే కూడా అప్పుడప్పుడు మూసుకుంటాయి. లోపల చేరిన మట్టిని కక్కడానికో, కాస్త కునుకు తీయడానికో. అందుకే గీత ఎప్పుడూ రంపపు పళ్లలా ఉండాలి. ఈ మధ్య ఎనిమిది గీతలూ గుడ్డ మీద ఇస్త్రీ పెట్టినట్టు సాఫీగా సాగిపోతున్నాయి.

"ఎంత బుద్ధిమంతులయ్యాయో చూడండి మేడమ్. మీరు వెళ్లిపోతున్నారని వాటికీ తెలిసినట్టుంది" అన్నాడు ఇంజనీరు.

ఆవిడ మురిసిపోయింది. ఎందుకు సాఫీగా ఉన్నాయని అడగవలసిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది, ఆ ఒక్కతే అడగలేదు. సభలో ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.

ఇంట్లో పళ్లాయన సంగతి చూస్తే, ఆయన చేతుల్లోంచి వస్తువులు జారిపోతున్నాయి. మైనం చెక్కే కత్తి జారింది. ఒకరి పళ్ల సెట్టు ఏకంగా చేతిలోంచి దూకి నేలమీద ఫక్కున నవ్వినట్టు పడింది. కళ్లజోడు పాతదైందని కొత్తది కొన్నాడు. మైనం మంచిది రావడం లేదని కొట్టువాడితో పోట్లాడాడు. దీపం మార్చాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంటే, "బొత్తాలు చేసేవాళ్లకు కూడా బుద్ధి లేకుండా పోయింది" అని విసుక్కున్నాడు.

"డాక్టరుకు చూపించుకోండి" అంది ఆవిడ, ఉపన్యాసం కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

"ఇంట్లో డాక్టరుండగా ఇంకొకరెందుకు?" అని నవ్వి, పెద్ద స్టీలు గ్లాసుతో నీళ్లు తాగాడు. నీళ్లు తాగడం ఆయనకు సరదా. పని బల్ల పక్కన ఎప్పుడూ నిండు చెంబు ఉండాలి. పక్కింటివాళ్లు ఫిల్టరు కొన్నారు, ఎదురింటివాళ్లు కొన్నారు. ఈయన మాత్రం ససేమిరా అన్నాడు. "నా పెళ్లాం చూసి వదిలిన నీళ్లను నేను ఇంకో యంత్రంతో వడపోస్తే ఆవిడకు అవమానం కాదూ?" అని వచ్చినవాళ్లందరితోనూ చెప్పుకునేవాడు. ఆ మాట వింటే ఆవిడకు సిగ్గుగానూ ఉండేది, కడుపు నిండినట్టుగానూ ఉండేది.

సన్మానం ఇంకా రెండు రోజులుందనగా పత్రికవాళ్ల ఫోటోగ్రాఫరు వాటర్‌వర్క్స్‌కు వచ్చాడు. హడావుడి మనిషి. తొట్టి పక్కన నిలబెట్టి తీశాడు, తెర పక్కన కూర్చోబెట్టి తీశాడు. ఏదీ నచ్చలేదు.

"ఒకదాన్ని చేతిలోకి తీసుకోండమ్మా. అప్పుడు గానీ ఫోటోకి కళ రాదు."

"ముట్టుకోకూడదు బాబూ" అని అట్ట చూపించింది.

"రాసింది మీరేగా. మీకు మీరే అడ్డమా?"

ఇంజనీరు కూడా నవ్వి, ఒకటి మూసుకుంటే గేటేమీ పడదులెండి అన్నాడు. ఆవిడ చేతులు కడుక్కుని, తొట్టిలో చెయ్యి పెట్టి, చివరగా ఉన్నదాన్ని తీగతో సహా పైకి ఎత్తింది. ఎన్నేళ్లకో ముట్టుకుంది దాన్ని.

నీళ్లలోంచి తీసిన ఆల్చిప్ప మూసుకోవాలి. నేర్పక్కర్లేదు, బెదిరించక్కర్లేదు. నీడ పడినా మూసుకునే ప్రాణి అది. ఇది ఆవిడ అరచేతిలో నోరు తెరుచుకునే ఉంది. లోపలి నీళ్లు ఆవిడ మణికట్టు మీదుగా మోచేతికి కారాయి. ఆవిడ వేలితో లోపలి మెత్తటి అంచును తాకింది. అంచు కొంచెం, చాలా నెమ్మదిగా, ముడుచుకుంది. ప్రాణముంది. తాకినట్టు దానికి తెలుస్తోంది. చిప్ప మాత్రం మూసుకోలేదు. రెండు వేళ్లతో తనే నొక్కి మూసింది. వదలగానే మళ్లీ తెరుచుకుంది.

"బాగుందమ్మా! అదీ నవ్వుతున్నట్టే ఉంది. అలాగే పట్టుకోండి" అని ఫోటోగ్రాఫరు టకటకా తీసుకున్నాడు.

అతన్ని ఎలా పంపించిందో ఆవిడకే తెలియదు. ఒకటి తరవాత ఒకటి ఎనిమిదింటినీ తాకింది. ఏ ఒక్కటీ మూసుకోలేదు. పక్క గదిలోకి పరుగెత్తింది. అక్కడ బోరు నీళ్ల తొట్టిలో, అవసరానికి ఉంటాయని పెట్టిన ఆల్చిప్పలు ఉన్నాయి. వేలు పెట్టీ పెట్టగానే ఒకటి టక్కున మూసుకుని వేలి కొసను కరిచినంత పని చేసింది. ఆ నొప్పితో ఆవిడకు అంతా తెలిసిపోయింది. తేడా నీళ్లలో ఉంది. ఒక్కసారిగా వచ్చిన విషమైతే అవి బెదిరి మూసుకునేవి. ఇది బెదరనంత కొంచెం కొంచెంగా వచ్చింది. వాటి కండరం పట్టు తప్పిపోయేదాకా వచ్చింది. ఎక్కణ్నుంచి వస్తోందో, ఎన్నాళ్లుగా వస్తోందో దేవుడికెరుక. తెరుచుకున్న నోటిని చూసి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని యంత్రం గీసుకుంటూ పోయింది. అలా గీయమని చెప్పింది ఆవిడే.

ఇంజనీరు తన గదిలో భోజనం ముగించి కూర్చున్నాడు.

"గేటు దించండి. వెంటనే" అందావిడ రొప్పుతూ.

"ఏమైంది మేడమ్? చిప్పలు మూసుకున్నాయా?"

"మూసుకోలేకపోతున్నాయి."

అతను కిటికీలోంచి తెర వైపు చూశాడు. "గీతలు బాగానే ఉన్నాయిగా. తెరిచే ఉన్నాయి. తెరిచి ఉంటే నీళ్లు మంచివని మీరేగా చెప్పింది?"

"చెప్పాను. తప్పు చెప్పాను. చచ్చుబడినా తెరిచే ఉంటాయి. పట్టు పోతే తెరుచుకోక ఏం చేస్తాయి?"

"మీ మాట కాదనను. కానీ గేటు దించాలంటే చిప్పలైనా మూసుకోవాలి, పైనుంచి ఆర్డరైనా రావాలి. కారణం ఏమని చెప్పను పైవాళ్లకి? చిప్పలు చక్కగా తెరుచుకున్నాయి కాబట్టి దించేశాను అనా? నా మొహాన ఉమ్మేస్తారు. రేపు నీళ్లు పరీక్షకు పంపిద్దాం. మీరు కూర్చోండి, కంగారుపడుతున్నారు."

అతను చెడ్డవాడేమీ కాదు. భార్యాబిడ్డలతో ఆ నీళ్లే తాగేవాడు. ఆవిడను కూర్చోమని, తను గ్లాసెత్తి నీళ్లు తాగాడు. ఆవిడ అతని చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"గ్లాసు రెండు చేతులతో ఎందుకు పట్టుకున్నారు?"

"వేడిగా..." అని ఆగాడు. అవి చల్లటి నీళ్లు. గ్లాసు వైపు ఓసారి, తన చేతుల వైపు ఓసారి చూసుకున్నాడు. "ఏమో మేడమ్. ఈ మధ్య అందరూ ఇలాగే పట్టుకుంటున్నారుగా."

ఆ మాట అన్న తరవాత అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడకు వరసగా గుర్తొచ్చాయి. బస్సు కండక్టరు చేతిలోంచి జారి చెల్లాచెదురైన చిల్లర. బడి గేటు దగ్గర పిల్ల చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్న తల్లి. మంచి గాజు సామాను రావడం లేదని ఊరంతా తిట్టుకోవడం. తలో వస్తువునూ తిట్టారు గానీ, ఎవరూ తమ చేతుల్ని అనుమానించలేదు.

ఆవిడ లేచి తొట్టి గదిలోకి నడిచింది. ఇంజనీరు వెనకే వచ్చాడు. గేటుకు కావలసింది అయిదు మూసుకున్న నోళ్లు. ఆవిడ రెండు చేతులతో రెంటిని నొక్కి పట్టి, మిగతావి నొక్కమంది. అతను నొక్కాడు. బొటనవేలి బలం కూడా అక్కర్లేని పని. చిప్ప వెనకనున్న ఆ చిన్న పట్టీ అతని వేళ్లను తోసేసి తెరుచుకుంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తెరుచుకుంది. పెద్దమనిషి, పిల్లలున్నవాడు, తొట్టి పక్కన నిలబడి ఏడ్చేశాడు.

"పక్కకు జరగండి" అని, ఆవిడ బల్ల సొరుగులోంచి రబ్బరు బ్యాండ్లు తీసి ఒక్కోదానికీ చుట్టింది. అయిదోది బిగించగానే, కింద ఎక్కడో గేటు దబ్బున పడింది. సైరన్ ఊరంతా వినబడేలా అందుకుంది. అబద్ధపు గీతతో నిజం చెప్పించవలసి వచ్చినందుకు ఆవిడకు సిగ్గేమీ వేయలేదు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది.

మెట్లు సగం దిగేసరికి ఆ ఊపిరి ఆగిపోయింది. వీధి పొడుగునా కుళాయిలు హోరుమంటున్నాయి.

లారీ పడినప్పుడు కుళాయి తిప్పడానికే భయపడి జనం గగ్గోలు పెడితే, ఆవిడే మైకులో చెప్పింది. గేటు పడక ముందు పెద్ద ట్యాంకులోకి ఎక్కినవి చిప్పలు చూసి వదిలిన నీళ్లే, భయపడకుండా పట్టుకోండని. ఆ రోజుకు అది నిజం. జనం ఆ మాటను గుండెల్లో పెట్టుకున్నారు. సైరన్ మోగిందంటే, మంచినీళ్లు అయిపోయేలోపు ఉన్న గిన్నె లేని గిన్నె నింపుకోవడమే. ఇప్పుడూ బిందెలు, బకెట్లు, పిల్లల నీళ్ల సీసాలు, ఆఖరికి పూలకుండీలు కూడా బయటికొచ్చాయి.

"ట్యాంకు వాల్వు కట్టించండి! మైకులో చెప్పించండి, తాగొద్దని!" అని వెనక్కి తిరిగి అరిచింది. ఇంజనీరు పరుగెత్తాడు. రోడ్డు మలుపులో ఆవిడ చూసేసరికి, ముగ్గురు మగాళ్లు ట్యాంకు కింద వాల్వు చక్రానికి వేలాడుతున్నారు. చక్రం కదలడం లేదు. వాళ్ల చేతులే జారిపోతున్నాయి.

"తాగకండి, పారబోయండి!" అని దారిపొడుగునా ఆవిడ గొంతు చించుకుంది. సైరన్‌లో సగం మాటలు ఎవరికీ వినబడలేదు. వినబడినవాళ్లు నవ్వారు.

"భయం లేదులే డాక్టరమ్మా, మీ చిప్పలు పట్టేశాయిగా!" అని ఒక ముసలావిడ చెంగుతో మొహం తుడుచుకుని దండం పెట్టింది. ఆ పక్కనే మనవరాలు దోసిలి పట్టి కుళాయి కింద తాగుతోంది. దోసిట్లో నీళ్లు నిలవడం లేదు. వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. ఆ పిల్లను ఆవిడ రెక్క పట్టుకుని లాగేస్తే ముసలావిడ ముందు బిత్తరపోయి, తరవాత తిట్టింది.

ఇంటికి చేరేసరికి పళ్లాయన వంటింట్లో ఉన్నాడు. గిన్నెలన్నీ నింపి వరసగా పెట్టాడు. నేలంతా నీళ్లు ఒలికి ఉంది. చొక్కా ముందంతా తడిసిపోయింది. చిన్న పిల్లాడిలా మెరిసిపోతోంది ఆయన మొహం.

"సైరన్ వినగానే మొదలుపెట్టాను. ఒక్క చుక్క పోనిస్తే ఒట్టు. రిటైరయ్యే ముందు మళ్లీ ఊరిని కాపాడావోయ్! నేనిక్కడ ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను తెలుసా?"

ఆవిడ ఒక్కో గిన్నెనూ ఎత్తి తూములో పోసేసింది. చెంబు లాక్కుని పోసేసింది. స్టీలు గ్లాసు అడుగున ఉన్న నీళ్లు కూడా పోసేసింది. ఆయన నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

"పిచ్చిగానీ ఎక్కిందా? మంచినీళ్లు కదా!"

"కూర్చోండి" అంది. ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా తడి నేల మీదే కూర్చుంది. పగలంతా ఆ తొట్టి గదుల్లోనే గడిపే తను తాగిన నీళ్లు చాలావరకు అక్కడి బోరు నీళ్లేనని, ఆయన మాత్రం తన మీది నమ్మకంతో చెంబులకు చెంబులు తాగాడని ఎలా చెప్పాలి? కండరానికి పోయిన పట్టు తిరిగొస్తుందో రాదో, ఇన్నేళ్ల చదువులో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎప్పుడూ అడగనూ లేదు.

కుడిచెయ్యి ఆయన చేతిలో పెట్టింది.

"నా చెయ్యి పట్టుకోండి."

"ఇన్నేళ్లకు సరసమా?" అన్నాడు నవ్వుతూ.

"గట్టిగా పట్టుకోండి. ఉన్న బలమంతా పెట్టి."

ఆయన నవ్వు ఆపి పట్టుకున్నాడు. దవడ బిగిసింది, మెడలో నరం పొంగింది, నుదుట చెమట పోసింది. ఆయన వేళ్లు ఆవిడ చేతి మీద తడిగుడ్డలా పడి ఉన్నాయి. వాటిలో పట్టు లేదని ఆయనకు తెలియడం లేదు.

"ఇంకా గట్టిగానా?" అన్నాడు ఆయాసపడుతూ.

"చాలండీ" అందావిడ. "నొప్పి పుడుతోంది."